ఏడో ఖానా

మా ల్యాబ్ నాంపల్లిలో, రెండో అంతస్తు.
కిటికీ తెరిస్తే కింద ఇరానీ హోటల్ కప్పుల చప్పుడు,
మూస్తే స్పిరిట్ వాసన.
పద్దెనిమిదేళ్లుగా నా పని ఒకటే:
సీలు విప్పడం, తూకం వేయడం, ఫారం నింపడం.

విస్కీ వస్తే ఏడో ఖానాలో అంకె రాస్తాను,
నూటికి నలభై రెండు పాయింట్ ఎనిమిది.
బీరుకి రాస్తాను. కల్లుకి రాస్తాను.
కల్లులో ఎవడో కలిపిన నిద్రమాత్రల పొడిని
మిల్లీగ్రాముల దాకా రాస్తాను.
ధూల్‌పేట మూట వస్తే మాత్రం
ఏడో ఖానాలో రెండే మాటలకు చోటు:
ఉన్నది. లేదు.
దేవుణ్ణి గురించి అడిగినట్టు.

గంజాయి వనంలో తులసి మొక్క అంటారు.
నా టేబుల్ మీదికి వచ్చేసరికి
ఏ వనానిదైనా ఎండుటాకే.

మంగళవారం వచ్చిన మూట
పతంగి కాగితంలో చుట్టి, మాంజాతో కట్టి ఉంది.
విప్పుతుంటే వేలు తెగింది.
కమలేశ్ సింగ్, ఇరవై రెండేళ్లు,
వినాయకుళ్లకు కళ్లు దిద్దే పని.
అతని బదులు ఉస్మానియా చీటీ జిరాక్స్ వచ్చింది:
గుండె దడ, గోడల మీద ఎవరో పాకుతున్నారన్న భయం,
రెండు రోజులుగా నిద్ర లేదు.

మర్నాడు అతని తల్లి వచ్చింది.
వాచ్‌మన్ యాదయ్య ఆపలేకపోయాడు.
రాంబాయి చేతుల మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్
తెల్లగా, గోళ్ల దాకా.
"అమ్మా, దాంట్ల ఎంతున్నది?"
"ఉన్నది" అన్నాను.
"ఉన్నదని తో నాకెర్కే.
ఎంతున్నదని అడుగుతున్న.
నిరుడు గూడ తాగిండు, నవ్వుకుంట పన్నడు.
ఈసారి ఏం గలిపిండ్రు?"

ఆ రాత్రి ఒక నోట్ రాశాను.
ఒకప్పుడు ఆబ్కారీ దుకాణాల్లో తూచి అమ్మేవారట, అని మొదలుపెట్టి
కొట్టేశాను.
పలచనిది అమ్మనివ్వండి, అని రాశాను.
పొట్లం మీద అంకె ఉండాలి, వయసు అడగాలి,
ఘాటు పెరిగేకొద్దీ పన్ను పెరగాలి,
ఆ డబ్బుతో ఎర్రగడ్డలో నాలుగు మంచాలైనా వేయాలి.
సుదర్శనం గారు కళ్లద్దాలు తీసి నవ్వారు.
"గంజాయికి రసీదు ఇమ్మంటావా తల్లీ?
సర్కారు చెయ్యి మురికవదూ?"

ఆ చెయ్యి నాకు తెలుసు.
మా అన్న తాగిన ప్రతి సీసా మీదా
హోలోగ్రామ్ అతికించింది అదే.
తళతళా మెరిసేది.
అన్న కళ్లు పసుపెక్కిన రోజు కూడా మెరిసింది.
అయినా ఆ సీసాలో ఏముందో మాకు తెలుసు.
ఏ సీసాలో ఎంత తాగాడో
వదిన కేలండరు మీద లెక్క రాసుకునేది.
ఆ లెక్క ఆయన్ని కాపాడలేదు.
ఇది కూడా నోట్‌లో రాయాల్సింది. రాయలేదు.

ఇంకో భయం ఉంది.
లైసెన్సు రాంబాయి గల్లీకి రాదు.
జూబ్లీహిల్స్‌లో అద్దాల తలుపు వెనక
చిన్న సీసా, పెద్ద ధర, సన్నని సంగీతం.
అదే ఆకు
అక్కడ ఆరోగ్యం, ఇక్కడ ఎఫ్ఐఆర్.

శుక్రవారం అందరూ వెళ్లాక
మిగిలిన చిటికెడు ఆకు మెషీన్లో పెట్టాను.
తప్పే. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.
ఇరవై మూడు పాయింట్ ఒకటి.
దాని పక్కన సూదిలా లేచిన ఇంకో గీత,
మా దగ్గరున్న ఏ పేరుకీ సరిపోలేదు.

బస్ టికెట్ వెనక ఆ అంకె రాసి ఇచ్చాను.
రాంబాయికి అక్షరాలు రావు, అంకెలు వచ్చు.
చాలాసేపు చూసింది.
"సర్కారోళ్లు ఎంత దాంక పర్వాలే అంటరు?"
"అస్సలు వద్దంటారు."
"అది ఇన్నోళ్లకు.
నా కొడుకు ఇనలే గదమ్మా.
ఇననోళ్లకు ఏం జెప్తరు?"

టికెట్ మడిచి
పాన్ డబ్బీలో, సున్నం పక్కన పెట్టుకుంది.
నేను లోపలికొచ్చి ఫారం తీశాను.
ఏడో ఖానాలో రాశాను:
ఉన్నది.
తెగిన వేలి మరక
పక్క గడిలోకి కొంచెం పాకింది.