వెంట్రుకవాసి

టాంపెరేలో డిసెంబరు.
మధ్యాహ్నం మూడింటికే సరస్సు మీద చీకటి గడ్డకట్టింది.
నేను కెర్టుని. ఫ్లాస్కుల దగ్గర నా పని.
సీసం, గంధకం, నూనెలా జారే ఒక ఆమ్లం,
వేడి మీద సిరంజితో ఒక్క పోటు,
ఇక అంకెలు లెక్కపెట్టడమే.
ఏడుకి మంచునీళ్ళలో ముంచితే ఒక కొలత,
పదకొండుకైతే మరొకటి.
పాకం చూసినట్టే చూస్తాను,
వేళ్ళ మధ్య సాగదీసి చూసే వీల్లేని పాకం.

ఆవగింజలో అరవయ్యో వంతు అంటామే,
ఈ స్ఫటికాల పక్కన అదొక గుట్ట.
గది ఎంత ఇరుకన్నదాన్ని బట్టే
లోపలి ఎలక్ట్రాన్ ఏ రంగు వెలుగుతుందో తేలుతుంది.

ఇల్పో పై అంతస్తులో ఉంటాడు,
గాజు పోగులు లాగే గోపురం దగ్గర.
మూతపడ్డ గాజు ఫ్యాక్టరీ నుంచి
చేతులు మాత్రమే వెంట తెచ్చుకున్నాడు.
కొలిమి నుంచి జారే బొట్టు తీగపాకానికొచ్చిందని
మీటరు కన్నా ముందే పసిగడతాడు.
నల్ల కళ్ళద్దాలు మేకుకి వేలాడుతుంటాయి, ఎప్పుడూ.

ఆయన లాగింది బోలు పోగు,
గొట్టంలాంటి వెంట్రుక.
దాని కడుపులోకి నా గోధుమరంగు ద్రవాన్ని
మూడు గంటలు ఎక్కించాం. రెండు కొసలా అద్దాలు.
"నీ కషాయం, నా వెంట్రుక" అన్నాడు.

పద్నాలుగు పోగులు వెలగలేదు.
తప్పు నా ఫ్లాస్కుదని ఇద్దరికీ తెలుసు.
ఆయన అనలేదు. కాఫీ పోశాడు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.
స్ఫటికంలో ఒక ఉద్రేకం ఉండగానే మరొకటి చేరితే
దాన్ని తన్ని, తానూ ఆరిపోతుంది.
వెలుగు కావలసింది వేడైపోతుంది.
రెప్పపాటుని వందకోట్ల ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్క మనకున్న గడువు.
అందుకే స్ఫటికం మీద ఇంకో పొర తొడిగాను,
బడికెళ్ళే పిల్లకి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసినట్టు.

పదిహేనోది. మంగళవారం.
పంపు లేజర్ని పెంచుతూ పోయాను.
తెర మీద గీత
దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిలా ఉంది.
ఇంకాస్త.
ఇంకాస్త.
లేచి నిలబడింది!
దారిన పోయే ఒక్క కిరణం అడుగులో అడుగేసుకుంటూ
లక్షల స్ఫటికాలు బయల్దేరాయి.

నా కేకకి ఇల్పో మెట్లు దిగి వచ్చాడు,
ఒక్కొక్కటే, రెయిలింగు పట్టుకుని.
"ఏదీ?"
పోగు కొస చూపించాను.
అక్కడ ఏమీ లేదు.
"కనపడదు. ఎరుపుకి అవతలిది."

నా బల్ల మీది కళ్ళద్దాలు ఆయనకి పెట్టి, పక్కనుంచి చూడమన్నాను.
చాలాసేపు చూశాడు.
తర్వాత ఎడమకన్ను మూసి
ముసురు పట్టిన కుడికంటితో చూశాడు.
"దీని ముందు నా రెండు కళ్ళూ సమానమే."
కాసేపాగి,
"దీన్ని నేనెరుగుదును" అన్నాడు.
"పాతికేళ్ళు కొలిమి నోట్లోకి చూశాను.
మంటకి కన్ను చికిలించేవాణ్ణి.
మంట పక్కనే ఇదొకటి కూర్చుందని, దీనికీ చికిలించాలని
ఎవరూ చెప్పలేదు.
నా కంట్లో పొర వండింది ఇదే."

నా దగ్గర జవాబు లేదు.
పరీక్ష కార్డు అడ్డం పెట్టాను.
ఆకుపచ్చ చుక్క వెలిగింది, ఆవగింజంత.
ఇల్పో వేలు దాని దాకా వెళ్ళి ఆగింది.
"వెంట్రుకతో కట్టేశామన్నమాట," అన్నాడు,
పగతో కాదు,
ఒకప్పటి ఫోర్‌మన్‌ని బస్సులో గుర్తుపట్టినవాడిలా.

లాగ్‌బుక్కులో రాశాను:
పదిహేనో పోగు. గడప దాటింది. సాక్షి, ఇల్పో.
ఆయన కంటి ఆపరేషన్ మార్చిలో. అది రాయలేదు.

పదహారోది లాగాలంటూ పైకెళ్ళాడు.
కొలిమి తలుపు తీసిన చప్పుడికి ముందు
మేకు మీంచి ఏదో తీసిన చప్పుడు
చిన్నగా వినపడింది.