ఉల్లిపొరంత

గవర్నర్‌పేటలో మదన్‌లాల్ కొట్టుకి ఇది మూడోసారి.
గాజు బల్ల మీద ఐదు స్ప్రే గన్నులు పరిచాడు
పెళ్లికూతురికి నగలు చూపించినట్టు.
ఇది కప్పు నెత్తిన ఉండేది, ఇది కింద వేలాడేది,
ఇది జపానుది,
ఇది జపానుదని రాసి ఉన్నది.
"కొట్టేది తలుపులకా, బీరువాలకా?"
మాండలిన్‌కి అన్నాను.
అదే కంపెనీ బండి అన్నాడు.

చిట్టినగర్‌లో, మేడ మీద గదిలో
దండేనికి వేలాడుతోంది అది.
వీపు పనస, పొట్ట దేవదారు,
ఇంకా చొక్కా తొడగని పిల్లాడిలా.
ఇన్నేళ్లూ చపడా, స్పిరిటు, పాత పంచె గుడ్డ ఉండ.
ఎనిమిది అంకె దిద్దుతూ రుద్దేదాన్ని.
ఈ ఏడు భుజం మొరాయించింది.
ఇరవయ్యో చుట్టు దగ్గర
జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు.

మదన్‌లాల్ ఇచ్చిన కాగితాలు రాత్రంతా చదివాను.
నాజిల్ ఒకటి పాయింటు నాలుగు,
గాలి ఇన్ని పౌండ్లు, దూరం ఇన్ని అంగుళాలు.
ఏ అంకే
చెవికి ఆనలేదు.

పొద్దున్నే ఆటోనగర్.
కరీముల్లా షెడ్డులో ఒక లారీ
కళ్లకి పేపరు అతికించుకుని కూచుంది.
"అద్దంలా రావాలంటే నాలుగు కోట్లు పడాలక్కా."
అద్దం వద్దయ్యా, అద్దం పాడదు.
లారీకి రంగు గొడుగు,
దీనికి చర్మం.
ఉల్లిపొరను మించిందా
లోపలి గొంతు దుప్పట్లో దగ్గుతుంది.

అతను గన్ను ముట్టుకోలేదు.
కంప్రెసర్ కింద వంగి చిన్న కాక్ తిప్పాడు.
బుస్సుమంది. ఆ తర్వాత నీళ్లు.
తుప్పు రంగు నీళ్లు,
అరగ్లాసు, గ్లాసు, ఇంకా.
"గాలే అక్కా. మనూరి గాల్లో సగం కృష్ణే.
ఇది గాని లక్కరులో పడిందా,
తెల్లారేసరికి నీ చెక్క మీద పాలు విరుగుతాయి.
ముందు ఫిల్టరు కొను. గన్నుదేముంది."
ఈ మాట మదన్‌లాల్ చెప్పలేదు.
ఫిల్టరు ఆరొందలే మరి.

ఒక్కో గన్నూ పాత పేపరు మీద కొట్టి చూపించాడు.
నేను కళ్లు మూసుకున్నాను.
కంప్రెసర్ ఐదు శ్రుతిలో మొదలై
కడుపు నిండేకొద్దీ నాలుగున్నరకి జారుతోంది.
దాని మీద మొదటి గన్ను: పెనం మీద నీళ్లు చిలకరించినట్టు.
రెండోది: ఎవరో ఎవర్నో ఆపకుండా ఉష్ ఉష్ అన్నట్టు.
ఆ మేకుకి తగిలించిన బుల్లిదేమిటి, అన్నాను.

అది లారీ వెనకాల నెమళ్లకి కళ్లు దిద్దేదిట.
కప్పు టీ గ్లాసంత.
నొక్కాడు.
సూదిలోకి దారం ఎక్కించేవాళ్లు
బిగబట్టి వదిలే ఊపిరి, అంతే.
సంచిలోంచి పనస ముక్క తీసిచ్చాను.
కొట్టించాను. ఆరనిచ్చాను.
చెవి దగ్గర పెట్టి గోటితో తట్టాను,
రంగు వెయ్యని ముక్కని తట్టాను, మళ్లీ దీన్ని.
కరీముల్లా కూడా తట్టి చూశాడు.
"నాకేం తేడా వినపళ్లా."
అదే కావాలి నాకు.

"ఇది మాత్రం అమ్మనక్కా,
నా నెమళ్లు గుడ్డివైపోతాయి."
నంబరు అరచేతిలో రాసిచ్చాడు: సున్నా పాయింటు ఎనిమిది.
మదన్‌లాల్ అడుగు సొరుగులోంచి దుమ్ము దులిపి తీశాడు.
"బొమ్మలేసేవాళ్లది మేడం ఇది" అన్నాడు,
నా మీద జాలిపడి యాభై తగ్గించాడు.

ఇక వేళ కోసం కాచుకోవాలి.
రోహిణి ఎండలో పొగ చెక్కని చేరేలోపే ఎండి
ఇసకలా రాలుతుంది.
వాన ముసిరితే ఆరదు, తెల్లబోతుంది.
అయిదింటికీ ఆరింటికీ మధ్య
పాలవాడి బండి వెళ్లాక
కాస్త చోటు దొరికింది.
ఒకటి. రెండు.
మూడో కోటు తడి మీద
బుడమేరు వైపు నించి వచ్చిన దోమ వాలింది.
సూది మొనతో లేపాను. ఒక కాలు వదిలేసి పోయింది.

దాన్ని గీకలేదు.
ఏలూరు పిల్ల వచ్చి, ఈ సన్నగీత ఏంటని అడిగితే
నీకంటే ముందు
ఒకరు వచ్చి పాడి వెళ్లారని చెబుతాను.