గగుర్పాటు

పాస్టరుగారు మైకు దగ్గరికి జరిగి అడిగారు:
"మీలో ఎవరైనా కోతికి పుట్టారా?"
జాలారిపేట చర్చంతా నవ్వింది.
ప్లాస్టిక్ కుర్చీలు కిర్రుమన్నాయి.
మూడో వరసలో నేను.
సోమవారం మద్దిలపాలెం కాలేజీలో
ఇంటర్ పిల్లలకి చెప్పాల్సిన జువాలజీ నోట్సు
సంచీలో, దేవుని వాక్యం పక్కనే,
రెండూ ఒరుసుకుని అట్టలు చిరుగుతున్నాయి.

స్టాఫ్ రూములో వరహాలు మాస్టారికి ఈ బాధ లేదు.
"మాకు పేచీయే లేదమ్మా,
చేప, తాబేలు, పంది... వరసలోనే దిగాడు స్వామి"
అంటూ టీ చప్పరిస్తారు.
నాకంత తేలిగ్గా కుదరదు.

నాన్న మాత్రం నవ్వలేదు.
ఆయన పేరు యోనా.
పేరుకి తగ్గట్టే సముద్రం మింగి కక్కిన మనిషి.
తుఫానులో, పగిలిన తెప్ప దుంగ పట్టుకుని
రెండు రాత్రులు.
పేటంతా మూడంటుంది. ఆయన దిద్దుతాడు.

అప్పుడు పాట మొదలైంది.
డప్పు మీద దెబ్బ పడింది,
ఎస్తేరు పిన్ని గొంతు రేకుల కప్పుని తాకింది.
నా ముంజేతి మీద వెంట్రుకలు
ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

అవేమిటో నాకు తెలుసు.
చలికి బొచ్చు ఉబ్బించుకున్న జంతువు,
పగవాడికి పెద్దగా కనబడాలనుకున్న జంతువు.
బొచ్చు పోయింది,
అడుగున పీచంత కండరానికి అలవాటు పోలేదు.
రేపు బోర్డు మీద గీయాల్సిన బొమ్మ అదే.
దానికెవరు నేర్పారు,
ఈ పాటకి కూడా లేవమని?

సాయంత్రం సముద్రం పాటు మీదుంది.
నాన్న నన్ను జోడుగుళ్లపాలెం రాళ్ల మీదికి తీసుకెళ్లాడు.
"ఇటు సూడు."
వేలెడు చేప. నీళ్లొదిలేసి
నాచు మీద రెక్కలాన్చి, తోకతో ఎగిరి
ఇంకో రాయెక్కింది.
ఒళ్లారేలోపు మళ్లీ అలలో పడింది.

"సిన్నప్పుడు మీ తాతనడిగాను,
ఇది నీటిదా, నేలదా అని.
ఇంకా తేల్సుకోలేదురా,
దాన్ని తొందరపెట్టకన్నాడు."

"మరి ఆరు రోజులు, నాన్నా?"

చాలాసేపు రాతికంటిన గుల్లని గోటితో గీకాడు.
"సూరీడు నాలుగోనాడు గదా పుట్టాడు.
ముందు మూడు రోజులు ఏ గడియారంతో కొలిసుంటాడు?
నడిసంద్రంలో మబ్బు కమ్మితే
నాకు పగలేదో రాత్రేదో తెలవలేదు.
ఏడాదనుకున్నాను.
రెండు రాత్రులని ఒడ్డునోళ్లు సెప్పారు.
నేనొప్పుకున్నాను.
ఆ ఏడాది మాత్రం అబద్ధం కాదమ్మీ."

నేను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.
పాస్టరుగారిని అడుగుదామా అంటే
"ఆయన తెప్పెక్కలేదు కదా, ఒగ్గేయి" అన్నాడు.

డాల్ఫిన్ కొండ మీద దీపం వెలిగింది.
రాళ్ల సందుల్లోకి నీరు తిరిగి రావడం మొదలైంది.
ఆ చేప ఎక్కడుందో కనబడలేదు.
గాలి తిరిగింది.
చేతులు చూసుకున్నాను:
వెంట్రుకలు మళ్లీ లేచాయి.
ఈసారి చలికే అనుకుంటాను.