రేపు సాయంత్రం ఆరింటికి

పదకొండు కుర్చీలొచ్చాయి, ఎనిమిది ఇళ్ల నుంచి.
ఎస్తేరు పంపిన రెండింటికి
వీపు మీద ఇంకా ఏదో పెళ్లి నాటి నంబర్లున్నాయి.
ఒకటి కుంటుతోంది. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాం.

కురుపాం మార్కెట్ వెనక, మూతబడ్డ వలల కొట్టు మీది గది.
మెట్లు పద్దెనిమిది. కిటికీ ఒకటే.
అది తెరిస్తే పోర్టు.
పోర్టు లోపలికొచ్చి కూర్చుంటుంది.
పొద్దున తుడిచిన గట్టు మీద
మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.
నిన్న ఎవరో రాశారు కూడా, నూకరాజు అని,
క మీద తలకట్టు మర్చిపోయి.
గుడ్డ పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో
ఊరి మాటల మధ్య కూర్చున్న దాన్ని.
చావులు విన్నాను, పెళ్లి ఖాయాలు విన్నాను,
ఓడ రేవుకొచ్చిందా అని
రోజూ అదే గంటకి అడిగే ఒకావిడ గొంతు విన్నాను.
నా వంతు మాట ఒక్కటే:
మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?
చేతిలో చిల్లర్లేక ఎందరో
సగం మాట దగ్గర దిగిపోయారు.
ఆ సగాలు నా దగ్గరే ఉండిపోయాయి.
పెట్టుకోడానికి చోటు లేక ఈ గది తీసుకున్నాను.
మరిడయ్యకి ఇదంతా చెప్పలేదు.
"ఊరికే, నలుగురం కూర్చుని మాట్లాడుకోడానికి" అన్నాను.

మరిడయ్య క్రేను నడిపిన మనిషి.
బరువెంతో తెలీకుండా దేన్నీ ఎత్తడు.
రూళ్ల కాగితం మీద నిబంధనలు రాసుకొచ్చాడు:
ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మాట్లాడరాదు.
కులం పేరెత్తి తిట్టరాదు.
చెప్పిందే చెప్పరాదు.
రహీమున్నీసా పడీపడీ నవ్వింది.
"చెప్పిందే చెప్పకపోతే
మా వీధికి కుళాయి వచ్చేదా మరిడయ్యా?"
మూడోది కొట్టేశాం.
నాలుగోది: మనిషికి మూడు నిమిషాలు.
కలం అందుకున్నాను.
కొట్టెయ్యలేదు, ఉంచుదామనీ అనలేదు.
అతను తెచ్చిన అలారం గడియారాన్ని
బల్ల మీద బోర్లా పెట్టాను.

తలుపులకి నీలం రంగు వేస్తుంటే చీకటి పడింది.
ఎవరూ రాకపోతే?
వచ్చినవాళ్లు గోడకేసి చూస్తూ కూర్చుంటే?
అద్దెకి తెచ్చిన ఇరవై గ్లాసులు
రెండోసారి కడిగింది రహీమున్నీసా.

అప్పుడు మెట్ల మీద అల్యూమినియం తట్ట చప్పుడు.
"ఇక్కడేటో మాటాడుకుంటారంట గదా?"
రేపమ్మా, రేపు ఆరింటికి, అన్నాడు మరిడయ్య.
"రేపు నాకు కుదర్దు, బోట్లొస్తాయి.
ఇప్పుడే సెప్పీసి పోతాను."
రంగు, రంగు అనేలోపే
తలుపుకి భుజం ఆనించేసింది.
"బొగ్గు దూళి ఎండుసేప మీద పడతంది.
కడిగితే మరి ఎండదు. కడక్కపోతే కొనరు.
ఏటి సేసీది, సెప్పండి."

పరదా కట్టుకోవచ్చు కదా, అన్నాడు మరిడయ్య,
ఆమె ఇంకా మాట్లాడుతుండగానే.
పరదా కడితే ఎండెలా తగుల్తుంది, అంది రహీమున్నీసా,
అతనింకా మాట్లాడుతుండగానే.
మొదటి నిబంధన అలా పోయింది.
నేను అలవాటుకొద్దీ లెక్కపెడుతున్నాను.
నూట ఎనభై దగ్గర
పాత ముక్క నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కుర్చీ లాగి వేస్తే కూర్చోలేదు.
నీసు అంటుకుంటాదని పైమెట్టు మీద చతికిలబడింది.
నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.
కింద మార్కెట్లో షట్టర్లు దిగుతున్నాయి.
ఎక్కడో ఓడ కూత వేస్తే
అది అయ్యేదాకా ఆగి, మళ్లీ మొదట్నించి చెప్పింది.
చెప్పిందే.

లేస్తూ అంది, "నిన్న మావోడొచ్చి సూసెల్లాడు,
ఎవుల్లూ నేరంట."
పేరు అడుగుదామనుకునేలోపు దిగిపోయింది,
భుజం మీద అరచెయ్యంత నీలం వేసుకుని.

కుర్చీలు సర్దాం. గ్లాసులు బోర్లించాం.
కిటికీ గట్టు మాత్రం తుడవలేదు.