బొట్టు పెట్టిన స్విచ్చి

చిత్తూరు గిరింపేటలో మూడో సందు,
ఉత్తరం వాకిలి, రెండు గదులు, ఒక నడవ.
బ్రోకరు భక్తవత్సలం గోడను అరచేత్తో చరిచినాడు,
"సున్నపు గోడమ్మా, ఏనుగొచ్చి గుద్దినా కదలదు.
పైపైన చెయ్యి పెడితే చాలు."

నేను గోడను చూళ్ళేదు.
గోడ మీద పాకే చెక్కబద్దీని చూసినా.
టైలరుదాన్ని.
కుట్టు యాడ మొదలైందో, యాడ ముడిపడిందో
చూడకుండా ఏ గుడ్డనూ ఒళ్ళో వేసుకోను.

మీటరు పక్కన పింగాణీ ఫ్యూజులు నాలుగు,
తాగి కడగని కప్పుల మాదిరి.
నల్లటి గుండ్రటి స్విచ్చులు.
వాటిలో ఒకదానికి, దొడ్డి దీపానిది, కుంకుమ బొట్టు.
ఆయుధపూజ బొట్టనుకున్నా.
భక్తి గల ఇల్లు, మంచిదే అనుకున్నా.
అడ్వాన్సు ఇచ్చేసినా.

మొగిలప్ప వచ్చినాడు, చెవి మీద టెస్టరుతో.
బద్దీ మూత ఊడబెరికినాడు.
లోపలుండేది వైరు కాదు, గుడ్డ.
నూలు అల్లిక చుట్టిన రబ్బరు,
రెండు వేళ్ళతో నలిపితే
నిప్పట్టు అంచు మాదిరి పొడిపొడిగా రాలింది.
ఒకటి పైన, ఒకటి కింద, ఆ అల్లిక నా వేలికి తెలిసిందే.
రాగి మాత్రం ఇంకా ఎర్రగా,
ముసలామె కొంగుముడిలో దాచిన కాసు మాదిరి.

"ఎర్తు యాడుండాది?" అన్నా, ఏదో తెలిసినదాని మాదిరి.
"ఎర్తా?" నవ్వినాడు.
"ఈ ఇంటికి భూమితో మాటల్లేవక్కా."

ఫ్యూజు లాగితే అందులో
తీగ బదులు సిగరెట్టు పెట్టె వెండి కాగితం.
ఇంకోదాంట్లో తలపిన్ను.
"తెగాల్సినప్పుడు తెగకపోతేనక్కా ఇల్లు కాలేది."
పదకొండేళ్ళు తెగకుండా ఉన్న ఇల్లొకటి
నాకు గుర్తొచ్చింది.
దాని సంగతి ఇప్పుడొద్దు.

రిజిస్ట్రేషను నాడు, బొటనవేలి సిరా తుడుచుకుంటా ఉంటే
పురుషోత్తం మొదలియారును అడిగినా బొట్టు సంగతి.
"అదా? వానకు ఆ స్విచ్చి కొరుకుతుందమ్మా.
మా అమ్మకు చదువు రాదు.
ముట్టొద్దని రాయలేక బొట్టు పెట్టింది.
పిల్లకాయలం దండం పెట్టుకోని దూరంగా పోయేవాళ్ళం."

యాభై ఏండ్లు
పది రూపాయల స్విచ్చికి పూజ.
నవ్వబోయినా. నవ్వు రాలేదు.
కాల్చేదాన్ని పీకి పారేసే దారి తెలీక
మా అమ్మా నాకు దండం పెట్టడమే నేర్పింది.

డెబ్బై రెండు వేలైంది.
చీటీ ఎత్తినా. ఓవర్‌లాక్ మిషను వచ్చే ఏడాదికి జరిగింది.
గోడలు చీల్తా ఉంటే బ్లౌజుల మీద దుప్పటి కప్పి
దుమ్ములోనే కుట్టినా.
పాత కుట్టు విప్పకుండా సైజు మార్చమనే ఆడోళ్ళతో
రోజూ గొడవపడేదాన్ని నేనే కదా.

దొడ్లో గుంత తవ్వి, రాగి పలక దించి
బస్తా బొగ్గు, బస్తా కల్లుప్పు పోసినాం.
పక్కింటి రెజీనా గోడ మీద నుంచి చూసి
"ఎవర్ని పూడుస్తా ఉండారు?" అనింది.
"ఎవర్నీ లేదు మే. భూమికి ఉప్పు పెడతా ఉండాం.
తిన్నాక మోసం చెయ్యదు కదా."
ఎండాకాలం వారానికో బిందె నీళ్ళు పొయ్యాలంట.
క్యాలెండరులో రాసుకున్నా.

నిన్న రాత్రి మొదటి వాన.
దొడ్డి గోడ తడిసి నల్లబడింది.
కొత్త స్విచ్చి, తెల్లగా, బొట్టు లేకుండా.
వేలు దాని దాకా పోయి ఆగింది.
చెప్పులేసుకున్నా.
మళ్ళీ విప్పేసినా.
నొక్కినా.

దీపం వెలిగింది, అంతే.
ఆ వెలుతుర్లో తీగ మీద
నానబెట్టి ఆరేసిన లైనింగు గుడ్డలు, ఎనిమిది,
మళ్ళీ తడిసి ముద్దై వేలాడతా ఉండాయి.
అయ్యో అని పరిగెత్తినా,
ఒట్టికాళ్ళతోనే.