రాయని వరుస

మొదటి రోజు దువ్వెన ముట్టనివ్వను.
పద్నాలుగు మంది, న్యాలెండా పేటలో రేకుల గది,
అందరి వేళ్ళూ ఉరకలేస్తుంటాయి.
నడక కంటే ముందు జడలు నేర్చిన వేళ్ళు.
"ముందు నీళ్ళు లెక్కపెట్టండి," అంటాను.
ఒక తల కడగడానికి ఎన్ని మగ్గులు?
బండివాడు డబ్బా నీళ్ళు ఎంతకిస్తాడు?
శనివారం ఎంతకిస్తాడు?
లావెండర్ మొహం ముడుచుకుంటుంది.
తను అద్దాల గురించి అడగడానికొచ్చింది,
గోడకి ఊదారంగు వెయ్యడానికొచ్చింది.

పాపిట వంకరైతే జడంతా వంకరే,
పుస్తకంలో మొదటి గీతా అంతే.
గీయండి: ఎడమవైపు వచ్చేది, కుడివైపు పోయేది.
స్కేలు లేదని ఒదువోర్
నేను ముట్టొద్దన్న దువ్వెన వీపుతోనే గీశాడు.
ఆడపిల్లల మధ్య వీడేం చేస్తాడని నవ్వినవాళ్ళు
ఇప్పుడు వాడి ముందే తల వంచుతారు,
చెవి వెనక సన్నటి గీత కోసం.

ఈ వారం ప్లాన్లు చదివి వినిపించారు.
కొండెలె రోడ్డులో అద్దె, కరెంటు టోకెను,
సవరం కట్టలు, నూనె, సూదులు,
మునిసిపాలిటీ కాగితం,
కరెంటు పోయిన రోజుకి బొగ్గు.
బెరిల్ అయితే, తల్లి జడ అయ్యేదాకా
పిల్లాడు ఏడవకుండా చేతిలో పెట్టే
మందాజీ ముక్క ఖర్చు కూడా రాసింది.
కాసేపు గర్వంగా ఊరుకున్నాను.
తర్వాత అడిగాను:
పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషేదీ?

ఎవరికీ అర్థం కాలేదు.

ఆ కాళ్ళు, ఆ నడుము, బొటనవేలి మీది కాయ
పద్నాలుగు పుస్తకాల్లో ఒక్కదానిలోనూ లేవు.
సవరానికి ధర ఉంది. సూదికి ధర ఉంది.
"మిగిలిందంతా మాదే కదా, మేడమ్," అంది లావెండర్.
మిగలకపోతే?

అక్కడ నా గొంతే పట్టేసింది.
పదకొండేళ్ళు నడిపాను, కిసుము బస్టాండు వెనక.
నర్సులొచ్చేవాళ్ళు, పెళ్ళికూతుళ్ళొచ్చేవాళ్ళు,
సరస్సు గాలికి చెదిరిన ప్రతి తలా వచ్చేది.
నా చేతికి లొంగని చిక్కు లేదు.
అప్పు మాత్రం తలకు మించింది.
కుర్చీలమ్మాను, చివరికి అద్దమమ్మాను.
కొన్నవాడు దాన్ని నెత్తికెత్తుకుని పోతుంటే
అందులో ఆకాశం ఊగుతూ సందు తిరగడం చూశాను.
ఇది పిల్లలకి చెప్పలేదు.
"మీ పేరుతో ఒక వరుస రాయండి," అన్నాను, అంతే.

"ఎంతని?" ఒదువోర్.
ఎండకి రేకులు టిక్కుమన్నాయి.
పదహారేళ్ళప్పుడు తన ధర ఎవరికి తెలుస్తుంది?
పెన్సిలు కొరుకుతూ క్వింటర్ అంది:
"మా అమ్మ బకెట్టు చేపలు కోసి శుభ్రం చేస్తే వందిస్తారు.
చెయ్యి తెగిన రోజూ వందే.
నేను అంతకంటే ఎక్కువ రాస్తా."
రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది.

నిన్న ప్రాక్టీసు. నా తల క్వింటర్‌కిచ్చాను.
నెరిసిన చోట వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి,
ఏమీ అనకుండా ముందుకెళ్ళాయి.
"బిగిస్తే చెప్పండి," అంది.
నేను నేర్పిన మాటే,
ఎవరి నోటా నేను వినని మాట.
మధ్యలో వానొచ్చి రేకుల మీద నానా రభసా చేసి పోయింది.
నాలుగు గంటలు. అరవై రెండు జడలు.

లేచి, మెడ మీది వెంట్రుకలు దులుపుకుని
బాగుందమ్మా అన్నాను.
కదల్లేదు.
"నాలుగు వందల యాభై, మేడమ్."
గదంతా ఊపిరి బిగబట్టింది.
"టీచరుకి తగ్గింపు లేదా?"
"ఆ వరుస మీరు రాయించలేదుగా."

సంచి వెతికాను. నాలుగు వందలే ఉన్నాయి,
మిగతాది రేపిస్తానన్నాను.
పెన్సిలు నాలుక మీద తడి చేసుకుని
ఎడమవైపు నాలుగు వందలు రాసింది.
దాని కింద, కొంచెం చిన్న అక్షరాలతో,
నా పేరు,
బాకీ యాభై.