బోర్లా చాపిన అరచెయ్యి

ఎక్స్‌లో తొంభై కొట్టాను.
లెవెల్లో పడవ
ఇసకలో ముక్కు గుచ్చుకుని నిలబడింది.
ఇక వై తిప్పినా, జెడ్ తిప్పినా
అదే బొంగరం.

టీకని ఫిషింగ్ హార్బర్‌కి దిగాను.
వల అల్లుకుంటున్న మైలపల్లి పోలయ్య
పొలుసులంటిన అరచెయ్యి బోర్లా చాపాడు:
"ముక్కెత్తుతాది. పక్కకి ఒరుగుతాది. మొగం తిప్పుతాది.
మూడే బాబూ.
ఏది ముందో సూసుకోవాల."
మూడూ ఒకేసారొస్తే?
"అప్పుడు లెక్కెట్టం. తెడ్డట్టుకుంటాం."

రాత్రి సిరిపురంలో, ఏసీ చలిలో,
మౌస్ వదిలేసి
నా చెయ్యి బోర్లా చాపి
ఒరిపి, ఎత్తి, తిప్పి చూసుకున్నాను.
పక్క సీటు సునయన నవ్వింది.
పడవ తేలింది.

డాల్ఫిన్స్ నోస్ మీద నే కట్టిన
దీపస్తంభం తలుపే
ఇంకా కీలు వదిలేసి
తన బొడ్డు చుట్టూ తిరుగుతోంది.